బల్లకట్టు పాటలో రెండో పాదం

డెబ్బైమూడో సంవత్సరం ఫిబ్రవరిలో ఒక గురువారం ఉదయం ఆర్వెల్లా స్టౌట్ చొక్కాల ఫ్యాక్టరీకి ఫోను చేసి ఒంట్లో బాగాలేదని చెప్పింది. తర్వాత చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని, మొగుడి పికప్ ట్రక్కు తాళాల కోసం చెయ్యి చాచింది. హెర్షెల్ తాళాలు ఇవ్వకుండా కాఫీ తాగుతూ కూర్చున్నాడు.

"వెళ్ళి ఏం చేస్తావే?" అన్నాడు.

"తెలీదు."

"నాష్‌విల్ అంటే మన మిరియమ్మ కొట్టనుకున్నావా, తలుపు తోసుకుని లోపలికి పోవడానికి? గుమ్మంలోనే ఆపేస్తారు. ఇప్పటికి మూడుసార్లు రికార్డయింది ఆ పాట. నాలుగోసారి అయితే కొత్తగా పోయేదేముంది? మీ నాన్న పోయి పన్నెండేళ్ళయింది."

"ఆయన పోయాడు. నేనింకా ఉన్నానుగా."

హెర్షెల్ తాళాలు బల్లమీద పెట్టి, రెండు సాసేజ్ రొట్టెలు కాగితంలో చుట్టి ఆమె చేతికిచ్చాడు. "మంచు కరిగి రోడ్డు జారుతోంది. మెల్లగా పో," అన్నాడు.

తొంభై మైళ్ళ దారి. ట్రక్కులో రేడియో ఉంది కానీ ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఆ పాట ఎక్కడ వినబడుతుందోనని పాతికేళ్ళుగా ఆమె రేడియోలకి దూరంగా ఉంటోంది. పాట పేరు 'క్వాల్స్ రేవు బల్లకట్టు'. క్వాల్స్ అంటే ఆమె పుట్టింటి పేరు. రేవు ఆమె తండ్రి వర్జిల్ క్వాల్స్‌ది, బల్లకట్టూ ఆయనదే.

సంగతి జరిగింది ముప్ఫైతొమ్మిదో సంవత్సరం మార్చిలో. అప్పుడామెకి పన్నెండేళ్ళు. కంబర్లాండ్ నదికి వరదొచ్చి రెండురోజులైంది. కొట్టుకొచ్చే దుంగల మూలంగా వర్జిల్ బల్లకట్టుని గొలుసేసి కట్టేశాడు. ఆ పొద్దున ఆర్వెల్లాయే తండ్రి కుడిభుజానికి టర్పెంటైన్, కర్పూరం కలిపిన నూనె రాసింది. ఏటికి అడ్డంగా కట్టిన ఇనుప మోకుని పాతికేళ్ళు లాగిలాగి ఆ భుజం పాడైపోయింది. ఆయన గ్లాసు మజ్జిగ తాగి, మొక్కజొన్న రొట్టె తుంచుకుంటూ ఉండగా ఆవలి ఒడ్డున గంట మోగింది.

ఆవలి ఒడ్డు నుంచి దాటాలనుకున్నవాళ్ళు అక్కడ స్తంభానికి కట్టిన గంట కొట్టాలి. వర్జిల్ వరండాలోకి వెళ్ళి, ఇవాళ కుదరదని రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. గంట ఆగింది. కాసేపటికి మళ్ళీ మోగింది. ఆగింది. మూడోసారి మొదలైనప్పుడు ఆగనే లేదు.

"ఎవరో చావుబతుకుల్లో ఉంటే తప్ప అలా కొట్టరు," అని ఆయన టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

అటునుంచి ముగ్గురు ఎక్కారు. పెళ్ళయి నాలుగు నెలలైన ఎస్టెస్ రిగ్నీ, అతని భార్య క్లియో, ఇంకా ఒడెల్ మేనార్డ్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, భుజాన గిటారుతో. నడిమధ్యకి వచ్చేసరికి వేళ్ళతో సహా లేచొచ్చిన సైకమోర్ చెట్టొకటి బల్లకట్టుని గుద్దింది. మోకు తెగింది. వర్జిల్‌ని, ఒడెల్‌ని మైలు దిగువన పడవలో చేపలు పట్టేవాళ్ళు బయటికి లాగారు. రిగ్నీ దంపతులు మూడు రోజుల తర్వాత దొరికారు.

ఊరు ఏడ్చింది. ఏటిని తిట్టుకుంది. వర్జిల్‌ని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. ఎనిమిదేళ్ళు అలాగే గడిచాయి.

తర్వాత ఒడెల్ నాష్‌విల్ వెళ్ళి పాటలు రాయడం మొదలుపెట్టాడు. వాటిలో ఇదొకటి. పల్లవి ఇలా ఉంటుంది:

*ఆవలి ఒడ్డున గంట మోగింది, ఏటికి వరదొచ్చింది*
*చేతిలో సీసా, కళ్ళలో మత్తు, బల్లకట్టు కదిలింది*

నలభైతొమ్మిదిలో ఎవరో అన్నదమ్ములిద్దరు ఫిడేలు, మాండొలిన్‌లతో దాన్ని మెల్లగా, శవం దగ్గర పాడినట్టు పాడి రికార్డు చేశారు. ఆ రికార్డు వచ్చిన ఏడాదిలోపే వర్జిల్‌ని నీళ్ళలోంచి లాగిన జాలర్లలో ఒకడికి ఆయన దగ్గర సారా వాసనొచ్చిన సంగతి గుర్తుకొచ్చింది. ఇంకొకడు సీసా తేలుతూ పోవడం చూశాడు. చర్చి పెద్దలు ఇంటికొచ్చారు, సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకోమన్నారు. "నేను చెయ్యని పాపం నేనెలా ఒప్పుకునేది?" అన్నాడు వర్జిల్. ఆ తర్వాత ఆయన చర్చి లోపలికి అడుగుపెట్టలేదు. ప్రతి ఆదివారం భార్యనీ కూతుర్నీ దింపి, ట్రక్కులోనే కూర్చుని, కిటికీ అద్దం దించుకుని లోపలి పాటలు వినేవాడు.

యాభైఎనిమిదిలో బరువైన బారిటోన్ గొంతున్న రే బాస్కమ్ అనేవాడు పాడాడు. రెండో పాదం తర్వాత తాగుబోతులా నవ్వాడు. ఆ నవ్వుకే రికార్డు అమ్ముడుపోయింది. అరవైఏడులో నలుగురు కుర్రాళ్ళు దాన్ని గెంతే పాట చేసిపారేశారు. బీరు కొట్లలో నాణెం వేస్తే పాడే జూక్‌బాక్సు ఆ పాదం దగ్గరికి రాగానే జనమంతా చేతుల్లో సీసాలెత్తి "చేతిలో సీసా!" అని కేకలేసేవాళ్ళు. వర్జిల్ అప్పటికి పోయి ఆరేళ్ళయింది కాబట్టి అది చూడలేదు. ఆర్వెల్లా చూసింది, తన మేనకోడలి పెళ్ళి విందులో.

ఈ గురువారం నాష్‌విల్‌లో వైనెల్ క్రాబ్ దాన్ని పాడుతోందని సోమవారం ఫ్యాక్టరీలో ఎవరో పెట్టిన రేడియోలో చెప్పారు. ఇరవైఆరేళ్ళ పిల్ల. తూర్పు టెనసీ కొండల నుంచి వచ్చింది. ఆమె గొంతు విన్నవాళ్ళు చేతిలో పని ఆపేస్తారు. ఆర్వెల్లాకి భయం పుట్టింది అందుకే. ఈమధ్య కొన్ని తెల్లవారుజాముల్లో తండ్రి టోపీ పెట్టుకుని మెట్లు దిగడం గుర్తు చేసుకుంటే, ఆయన చేతిలో ఏదో మెరిసినట్టు అనిపిస్తోంది. ఏమీ లేదని ఆమెకి తెలుసు. అయినా మెరుస్తోంది. ఆ పిల్ల ఆ గొంతుతో పాడితే కన్నకూతురే నమ్మేస్తుందేమో.

స్టూడియో అంటే ఏదో పెద్ద భవనం అనుకుంది. తీరా చూస్తే వరండా ఉన్న పాత ఇల్లు. గుమ్మంలో జుట్టు గోపురంలా దువ్వుకున్న అమ్మాయి ఫోనులో మాట్లాడుతూ ఆర్వెల్లాని, ఆమె చర్చి గౌనుని ఎగాదిగా చూసింది. ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "లూయీజ్ బదులు వచ్చింది మీరేనా? కోరస్‌కి? ఆవిడకి జ్వరమన్నారు," అంది.

ఆర్వెల్లా జీవితంలో ఆడిన అబద్ధాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ పొద్దున ఫ్యాక్టరీకి చెప్పింది ఒకటి.

"నేనే," అంది.

"అమ్మయ్య! తొందరగా వెళ్ళండి, చివరి పాట మొదలెడుతున్నారు. ఎడమ వైపు తలుపు."

లోపల గది నిండా తీగలు. గోడలకి దుప్పట్లలాంటివి కొట్టారు. ఆరుగురు వాద్యగాళ్ళు కుర్చీల్లో కూర్చుని పాదాలతో తాళం చూసుకుంటున్నారు. మధ్యలో మైకు ముందు, చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో వైనెల్ నిలబడి ఉంది. గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మూలన ఇంకో మైకు దగ్గర ఇద్దరాడవాళ్ళు ఆర్వెల్లాకి జాగా ఇచ్చి, పదాలు రాసిన కాగితం ముందుకు జరిపారు.

"ఆల్టో, కింది గొంతు, నీదే," అంది ఒకావిడ గుసగుసగా. "పల్లవి దగ్గర ముగ్గురం అందుకోవాలి. తెలుసుగా పాట?"

"తెలుసు."

ఎదురుగా అద్దం గది. అద్దం వెనక సిగరెట్టు పొగలో మెడ లావుగా ఉన్నాయన మీటల మీద చేతులేసి కూర్చున్నాడు. అతనే రికార్డు తీసే టోలివర్. అతని వెనక సోఫాలో, మోకాళ్ళమీద టోపీ పెట్టుకుని, నెరిసిన జుట్టుతో ఒడెల్ మేనార్డ్. ముప్ఫైనాలుగేళ్ళ తర్వాత చూసినా ఆమె ఆ వంగిన భుజాలు గుర్తుపట్టింది. అతను ఆమె వైపు చూడలేదు.

"ఒంటిగంటకి అందరూ లేచిపోతారు. ఆ తర్వాత గది వేరేవాళ్ళది," అన్నాడు టోలివర్, పైన ఉన్న స్పీకరు పెట్టెలోంచి. "ఒకటి రెండుసార్లలో అయిపోవాలి. వైనెల్ తల్లీ, సిద్ధమేనా? ఎర్రదీపం వేస్తున్నా."

దీపం వెలిగింది. స్టీల్ గిటారు ఏటి మీద పొగమంచులా సన్నగా లేచింది. వైనెల్ కళ్ళు మూసుకుని మొదటి చరణం పాడింది. ఆమె గట్టిగా పాడలేదు. పక్కింటావిడతో కంచె దగ్గర నిలబడి జరిగింది చెబుతున్నట్టు పాడింది. ఆర్వెల్లా చేతుల మీద రోమాలు నిలబడ్డాయి. ఇంటి మెట్లు కనబడ్డాయి. ఎర్రటి నీళ్ళు కనబడ్డాయి. టోపీ పెట్టుకుని దిగుతున్న తండ్రి వీపు కనబడింది.

పల్లవి వచ్చింది. పక్కనున్న ఇద్దరూ ఊపిరి తీసుకున్నారు. ఆర్వెల్లా కూడా తీసుకుంది. వాద్యాలు లేని చర్చిలో ముప్ఫై ఏళ్ళుగా ఆల్టో పాడిన మనిషి. ఆ గొంతు తనంతట తనే సరైన చోటుకి వెళ్ళి కూర్చుంది.

*ఆవలి ఒడ్డున గంట మోగింది, ఏటికి వరదొచ్చింది...*

మూడు గొంతులూ ఒకటైపోయాయి. వైనెల్ కళ్ళు తెరిచి మూల వైపు చూసి చిన్నగా నవ్వింది. కాగితం మీద రెండో పాదం ఎదురుగా ఉంది. పాడాల్సిన సమయం వచ్చేసింది. ఆర్వెల్లా నోరు తెరిచింది.

"అబద్ధం," అంది.

పాడలేదు, మామూలుగా అంది. మైకు దాన్ని పట్టుకుని గదంతా నింపింది. ఫిడేలు కీచుమని ఆగింది. డ్రమ్ముల వాడు ఇంకో రెండు దెబ్బలు కొట్టి ఆపాడు.

"ఏంటది?" పెట్టెలోంచి టోలివర్ అరిచాడు. "ఎవరన్నారు?"

"నేనే. ఆయన చేతిలో సీసా లేదు."

పక్కనున్న ఇద్దరూ మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగారు. టోలివర్ తలుపు తోసుకుని బయటికొచ్చాడు, మొహం కందగడ్డలా చేసుకుని. "ఎవరమ్మా నువ్వు? లూయీజ్ ఎక్కడ? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నేను వర్జిల్ క్వాల్స్ కూతుర్ని."

టోలివర్‌కి ఆ పేరు పాట పేరు తప్ప ఇంకేం కాదు. "చూడమ్మా, ఎవరి కూతురివైనా సరే, నీ అంతట నువ్వు వెళ్తావా, పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలవండి. వాళ్ళ ముందు కూడా ఇదే చెప్తా."

"ఆగండి టోలివర్ గారూ," అంది వైనెల్. ఆమె ఆర్వెల్లా మొహాన్నే చూస్తోంది. "క్వాల్స్ అంటే... ఈ క్వాల్సేనా? నిజంగా ఉన్నాడా ఆయన?"

ఆ ప్రశ్నకి ఆర్వెల్లా టోలివర్‌ని వదిలేసి ఆమె వైపు తిరిగింది. ఇన్నేళ్ళూ దేశం దేశమంతా తండ్రిని తాగుబోతంటోందని కుమిలిపోయింది. వాళ్ళకి అసలు ఆయనొక మనిషని కూడా తెలియదు.

"ఉన్నాడమ్మా. చేతి వేళ్ళు రెండు మోకులో పడి నలిగిపోయినవాడు. బతుకులో ఒక్క చుక్క ముట్టనివాడు. ఆ పొద్దున మజ్జిగ తాగి వెళ్ళాడు. గ్లాసు కడిగింది నేనే."

"తల్లీ, వైనెల్," టోలివర్ గొంతు తగ్గించాడు. "ఒంటిగంట దాకానే ఉంది మనకి. జనం ఎదురుచూసేదే ఆ పాదం కోసం. సీసా లేకపోతే అది వరద పాట. వరద పాటలు గంపల కొద్దీ ఉన్నాయి."

వైనెల్ అద్దం వైపు తిరిగి, "ఒడెల్ గారూ, మీరు ఆ బల్లకట్టు మీద ఉన్నారని అంటుంటారు కదా. ఒకసారి బయటికి వస్తారా?" అంది.

అద్దం వెనక ఒడెల్ లేచి నిలబడే ఉన్నాడు. రావడానికి చాలా సేపు పట్టింది. వచ్చి, ఆర్వెల్లాకి నాలుగడుగుల దూరంలో ఆగాడు. టోపీ చేతుల్లో గుండ్రంగా తిరుగుతోంది.

"ఆర్వెల్లా. పెద్దదానివైపోయావ్," అన్నాడు.

"నువ్వు ముసలాడివైపోయావ్. చెప్పు ఈ అమ్మాయికి. నా మొహం చూసి చెప్పు, సీసా ఉందని."

"వాసనొచ్చింది నాకు. దగ్గరగా నిలబడ్డాను. ఘాటుగా..."

"టర్పెంటైనది! కర్పూరం! భుజానికి రాసింది నేను! నా చేతులు రెండ్రోజులు అదే కంపు కొట్టాయి. అది నీకు సారా వాసనా? సారా వాసన తెలీని ఇంట్లో పుట్టావా నువ్వు?"

వాద్యగాళ్ళలో ఒకడు నవ్వబోయి ఆపుకున్నాడు. ఒడెల్ తండ్రి సంగతి ఆ జిల్లాలో అందరికీ తెలుసు. దొంగ సారా బట్టీ పెట్టి రెండుసార్లు జైలుకెళ్ళొచ్చాడు.

"చెయ్యి వణికింది ఆయనకి," అన్నాడు ఒడెల్. "మోకు పట్టుకున్నప్పుడు."

"వణకదా? ఆ నీళ్ళు చూస్తే నీకు వణకలేదా?"

గడియారం ముల్లు ఠక్కుమని కదిలింది. టోలివర్ వాచీ చూసుకుని, జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, గోడకి ఆనుకున్నాడు. వైనెల్ కాగితం చేతిలోకి తీసుకుని పల్లవి చదువుకుంటోంది, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు.

"నాకొకటి అర్థం కాలేదు," అంది. ఆమె ఎవర్నీ నిలదీయడం లేదు, నిజంగానే తెలియక అడిగింది. "గంట మోగింది అని ఉంది. ఎవరు కొట్టారు? మూడు చరణాల్లోనూ లేదు."

"రిగ్నీ వాళ్ళు," అంది ఆర్వెల్లా. "పాపం, ఏ అవసరమొచ్చిందో."

ఒడెల్ చేతిలో తిరుగుతున్న టోపీ ఆగిపోయింది. అది ఆగడం ఆర్వెల్లా చూసింది. 

"రిగ్నీ వాళ్ళు కాదా?" అంది.

"ఒడెల్," అంది మళ్ళీ. "రిగ్నీ వాళ్ళు కాదా?"

అతను దగ్గర్లో ఉన్న కుర్చీ వెనక భాగం పట్టుకున్నాడు. "వాళ్ళు వచ్చేసరికి నేను అప్పటికే రెండుసార్లు కొట్టాను," అన్నాడు.  "ఆ సాయంత్రం రేడియో స్టేషన్లో పాడి చూపించాలి నేను. ఒక్కరోజే. మళ్ళీ పిలుస్తారో లేదో. ఎస్టెస్ నీళ్ళు చూసి, ఇవాళ వద్దులే, ఇంటికెళ్ళిపోదాం అన్నాడు. క్లియో అప్పటికే వెనక్కి తిరిగింది. నేనే ఆపాను వాళ్ళని. ముగ్గురున్నామని చూస్తే ముసలాడు వస్తాడు అన్నాను. వాళ్ళని ఒడ్డు చివర నిలబెట్టి... మూడోసారి కొట్టడం మొదలెట్టాను. ఆయన కదిలేదాకా ఆపలేదు."

 ఎర్రదీపం ఆర్పడం ఎవరికీ గుర్తులేదు.

"మా నాన్నకి తెలుసా?" అంది ఆర్వెల్లా. ఆ మాట ఆమెకే వినబడనంత చిన్నగా వచ్చింది.

"అక్కడికొచ్చాక అడిగాడు, ఎవరికి బాగాలేదు అని. అందరం బాగానే ఉన్నామన్నాను. నా మొహం చూశాడు. గిటారు చూశాడు. తిట్టలేదు. సరే, వచ్చాను కదా, ఎక్కండి అన్నాడు." ఒడెల్ కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారుతున్నాయి. "తర్వాత, మమ్మల్ని బయటికి లాగాక, బురదలో పడున్నాం ఇద్దరం. నా చెవి దగ్గర నోరుపెట్టి చెప్పాడు. గంట సంగతి ఎవరికీ చెప్పకురా బాబూ, పోయినవాళ్ళు ఎలాగూ రారు, నువ్వు చిన్నవాడివి, ఈ ఊళ్ళో బతకాలి అన్నాడు."

ఆర్వెల్లా అతని మీదికి వెళ్ళింది. కొడుతుందనుకుని టోలివర్ ముందుకొచ్చాడు. ఆమె కొట్టలేదు. ఒడెల్ కోటు గుండీ దగ్గర బట్ట పిడికిట్లో పట్టుకుంది.

"నీ పేరు దాచాడు. చచ్చేదాకా దాచాడు. మా అమ్మకి కూడా చెప్పలేదు. పన్నెండేళ్ళు చర్చి బయట ట్రక్కులో కూర్చున్నాడ్రా ఆయన! ఎండలో, మంచులో! దానికి నువ్విచ్చింది సీసానా?"

"అందరూ అడిగేవాళ్ళు, ఆర్వెల్లా. పాట ఎవరికి పాడినా సరే, అంత వరదలో వాడెందుకు వచ్చాడయ్యా అనేవాళ్ళు. అక్కడ ఏదో ఒకటి ఉండాలి. నిజం పెట్టలేకపోయాను. చేతికి సీసా తగిలింది. ఒక్క మాటే కదా, ఎవరు వింటారులే అనుకున్నాను. అన్నదమ్ములు రికార్డు చేశాక ఇక వెనక్కి తీసుకోవడం..."

"నోరు మూసుకో," అంది ఆమె. పిడికిలి వదిలేసి, వెళ్ళి కోరస్ వాళ్ళ స్టూలు మీద కూర్చుంది. ఆమె మొహంలో గెలిచిన కళ లేదు. నిజం దొరికితే గుండెల మీద బరువు దిగుతుందనుకుంది. ఇది ఇంకో బరువు. గంట ఆగకుండా మోగుతుంటే తండ్రి వరండాలో నిలబడి విన్న ఆ రెండు నిమిషాలే ఆమె కళ్ళముందు తిరుగుతున్నాయి.

పన్నెండుంబావు దాటింది. వైనెల్ ఒక పెన్సిల్ తెచ్చి ఒడెల్ చేతిలో పెట్టింది. "రాయండి," అంది.

"నావల్ల కాదమ్మా."

"అయితే నేను పాడను. ఇవాళే కాదు, ఎప్పుడూ పాడను. ఎందుకు పాడలేదని రేడియోలో ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను. మీరు రాస్తే పాడతాను."

"వైనెల్!" అన్నాడు టోలివర్. "కంపెనీకి నేనేం చెప్పుకోవాలి?"

"గొంతు బాగోలేదని చెప్పండి."

ఒడెల్ పియానో మూత మీద కాగితం పెట్టుకుని వంగాడు. రాశాడు, కొట్టేశాడు. 'ఎవరో కొట్టిన గంటకి వెళ్ళి' అని రాస్తే వైనెల్ తల అడ్డంగా ఊపింది. 'వయసు పొగరున కొట్టిన గంట' అని రాశాడు. ఆమె మళ్ళీ ఊపింది. వాద్యగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. గడియారం పన్నెండు ముప్ఫైఅయిదు చూపించింది. ఒడెల్ నుదుటి చెమట కాగితం మీద పడింది. చివరికి ఒకే ఒక్క పాదం రాసి, పెన్సిల్ కింద పడేసి, కాగితాన్ని వైనెల్‌కి ఇవ్వకుండా నేరుగా ఆర్వెల్లా దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఆమె చదివింది. చాలాసేపు చదివింది.

"ఇదే పాడమను," అంది.

"మీరు ఆల్టో పాడతారా?" అంది వైనెల్. "ఇందాక ఆ ఒక్క పాదం విన్నాను. అలాంటి ఆల్టో మా అమ్మ తర్వాత నేను వినలేదు."

"పాడను," అంది ఆర్వెల్లా. "వింటాను."

ఒంటిగంటకి ఏడు నిమిషాల ముందు ఒకే ఒక్కసారి పాడారు. మళ్ళీ పాడే వ్యవధి లేదు. కోరస్‌లో ఇద్దరే ఉన్నారు. రెండో చరణంలో స్టీల్ గిటారు ఒక చోట తప్పు పోయింది కూడా. పల్లవి వచ్చినప్పుడల్లా వైనెల్ ఆ పాదాన్ని ఏమాత్రం ఒత్తకుండా, మిగతా మాటలతో సమానంగానే పాడింది.

*ఆవలి ఒడ్డున గంట మోగింది, ఏటికి వరదొచ్చింది*
*గంట కొట్టిన చెయ్యి నాదే, బల్లకట్టు కదిలింది*

పాట అయ్యేసరికి ఒడెల్ వెళ్ళిపోయాడు. అతను ఎటు వెళ్ళాడో చూడాలని ఆర్వెల్లాకి అనిపించలేదు. ట్రక్కెక్కి, స్టీరింగు మీద తల ఆన్చి కాసేపు ఉండి, ఇంటిదారి పట్టింది.

రికార్డు ఏప్రిల్‌లో వచ్చింది. టోలివర్ భయపడ్డట్టే అయింది. వైనెల్ మిగతా పాటలంతగా అది ఆడలేదు. బీరు కొట్లలో జూక్‌బాక్సుల్లో ఆ నలుగురు కుర్రాళ్ళ పాటే ఉంది, జనం సీసాలు ఎత్తుతూనే ఉన్నారు. కొత్త పిల్ల పదాలు మర్చిపోయి తప్పు పాడిందని కొంతమంది రేడియోకి ఉత్తరాలు రాశారు. ఒడెల్ దగ్గర్నుంచి ఆర్వెల్లాకి ఒక ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు. ఆమె చదివి, జవాబు రాయకుండా సొరుగులో పెట్టింది. క్షమించావా అని హెర్షెల్ అడిగితే, "ఆ పని మా నాన్న చేశాడు. నన్ను కూడా చెయ్యమనకు," అంది.

ఆ మే నెలలో సమాధులకి పూలు పెట్టే ఆదివారం ఆమె కొండమీదికి వెళ్ళింది. తండ్రి సమాధిరాయి దగ్గర గడ్డి పీకుతుంటే వెనక ఎవరో ఆగిన చప్పుడైంది. తిరిగి చూస్తే లోంజో రిగ్నీ, ఎస్టెస్ తమ్ముడు. అరవై దగ్గరపడ్డ మనిషి, ఎండకి కమిలిన మెడ. ఇరవైనాలుగేళ్ళుగా అతను ఈ వరసలోంచి నడిచిపోతూ క్వాల్స్ వాళ్ళ వైపు తల తిప్పింది లేదు.

"ఆ పాట విన్నాను," అన్నాడు. "కొత్తది. అది నిజమేనా?"

"నిజమే. నా ముందే ఒప్పుకున్నాడు. ఎస్టెస్ ఇంటికెళ్ళిపోదామన్నాడట. క్లియో వెనక్కి తిరిగిందట కూడా."

లోంజో రాళ్ళ అవతలికి చూశాడు. "నాకదే అంతు పట్టేది కాదు. మావాడు పిరికివాడమ్మా. వాగు దాటాలన్నా మూడుసార్లు ఆలోచించేవాడు. ఆ రోజు ఎలా ఎక్కాడా అని... తాగినవాడి పడవ ఎక్కేంత తెలివితక్కువ వాడా అని వాడి మీద కూడా కోపమొచ్చేది నాకు." ఆగాడు. "మీ నాన్న ఏమైనా చెప్పేవాడా? మావాడి గురించి? ఆఖర్న ఏమైందో?"

ముప్ఫైనాలుగేళ్ళలో ఆ మాట అడగడానికి ఆ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. ఆర్వెల్లా చేతులకంటిన మట్టి దులుపుకుని లేచింది.

"చెప్పేవాడు. చాలాసార్లు చెప్పేవాడు," అంది. "మోకు తెగగానే ఎస్టెస్ ముందు క్లియోని పట్టుకున్నాడట. మా నాన్న ఎస్టెస్ కోటు పట్టుకున్నాడు, వెనక నుంచి. బాగా దొరికింది. చెయ్యి అందుకో అని అరిచాడట. అందుకోవాలంటే క్లియోని వదలాలి. మీ అన్న వెనక్కి తిరిగి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. కోటులోంచి చేతులు జారిపోయాయి. కోటు మా నాన్న దగ్గర మిగిలింది."

లోంజో మెల్లగా వంగి, పక్కనున్న రాతి అంచు మీద కూర్చున్నాడు.

"వదల్లేదన్నమాట," అన్నాడు.

"వదల్లేదు."

"మళ్ళీ చెప్పమ్మా," అన్నాడు లోంజో. "మొదట్నుంచీ చెప్పు."

ఆర్వెల్లా అతని ఎదురుగా గడ్డిలో కూర్చుంది. ఆ పొద్దున నీళ్ళు ఎలా ఉన్నాయో అక్కడ్నుంచి మొదలుపెట్టింది.